గోత్రం అడిగిన పెన్‌డ్రైవ్

హిందీ ఊళ్లోని గుఢియారీ పేట తెలుగువాళ్లకు శాస్త్రిగారు పోయాక మరో పురోహితుడు దొరకలేదు. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన ఆయన గొంతే ఇంటింటా తిరిగి వ్రతాలు చేయిస్తోంది. తెల్లారితే నళిని ఇంట్లో వ్రతం. రాత్రి స్పీకర్‌కు పెట్టి చూస్తే, సంకల్పం మధ్యలో ఆగిపోయింది.

"ఏక్ బార్ తీసి మళ్లీ పెట్టు," అన్నాడు భర్త హేమంత్, నిద్రలోనే.

నళిని తీసింది. ఊది, చీరకొంగుతో తుడిచింది. అది ఇంకా ఆమె గుప్పిట్లో ఉండగానే స్పీకర్ గొంతు సవరించుకుంది.

"గోత్రం చెప్పండి."

వీధిలో కుక్కలు మొరగడం మానేశాయి. భయంలో నళిని నోటికొచ్చింది అనేసింది.

"భారద్వాజస."



"అది పుట్టింటిదమ్మా," అంది స్పీకర్, ఓపిగ్గా. "అత్తింటిది చెప్పు."