ఏసీలో లోపం లేదు

ఏసీ మెకానిక్ తన పడగ్గదిలో ఏసీని మళ్ళీ విప్పాడు.

"గ్యాస్ నిండుగా ఉంది. గది చల్లగానే ఉంది. నీ ఒక్కదానికే ఎందుకు ఉక్కపోత?" అన్నాడు భార్యతో విసుగ్గా.

ఆమె చెమటకి తడిసిన దిండు తిరగేసి, గోడకేసి చూస్తూ కూర్చుంది.

"ఇక దాన్ని మూసెయ్యండి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్ళు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయట. ఈ ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు అందుకేనట. తగ్గడానికి మందులున్నాయట."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మీరు ఏసీ విప్పారు."

ఆ గొంతులో కోపం కూడా లేదు.

అతను నిచ్చెన దిగి, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏ ఇంటికి వెళ్ళినా మూత విప్పేముందు అడిగే మొదటి ప్రశ్న, ఇప్పుడు అడిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"