పదకొండు షీట్లు

"మార్జిన్ మళ్ళీ పక్కకు జరిగింది త్రివేణీ. ఇంకోటి తియ్యి," అన్నాడు ఉమామహేశ్వర్.

ఉప్పల్‌లో త్రివేణి నడిపే డీటీపీ షాపు అది. ఆయన అప్పీలును ప్రింటు తీయడం ఐదోసారి. నాచారంలోని పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పే ఉద్యోగం పోయింది. మళ్ళీ ఇమ్మని అడిగే ఆ కాగితం సాయంత్రం ఐదులోగా చేరాలి. నాలుగు దాటింది.

"మార్జిన్ జరిగితే కొలువియ్యరా సార్?"

"తప్పున్న కాగితం మీద నేను సంతకం పెట్టను. నా దగ్గర చదివినదానివి, నీకు తెలీదా?"

"తెల్వకేం," అంటూ ఆమె చివరి పేరా చదివింది. "'నేను ఏ విద్యార్థినీ అకారణంగా ఆపలేదు.' గీ లైను ఉంచాల్నా సార్?"

"ఉంచు. అక్షరాలు రాసే మొదటి డ్రాయింగు షీటు దగ్గరే అందర్నీ ఆపేస్తానని కదా విద్యార్థుల ఫిర్యాదు. అవునూ, అంత చక్కగా గీసేదానివి, డ్రాయింగు వదిలి ఇటెందుకొచ్చావు?"

"మొదటి షీటు మీద మీ సంతకం కాలే సార్. పదకొండుసార్లు గీసిన. అక్షరాలు వాలుతున్నయన్నరు. పన్నెండోసారికి ఓపిక లేక డీటీపీ నేర్చుకున్న. కంప్యూటర్ల అక్షరాలు వాలవు."

ఆమె నవ్వుతూనే అంది. ఆయనకు నవ్వు రాలేదు. స్క్రీను మీద 'అకారణంగా' అన్న మాట దగ్గర వేలు పెట్టాడు.

"ఆ లైను తీసెయ్యి."

ఆరో ప్రింటు వచ్చింది. మార్జిన్ ఈసారీ జరిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని దాన్ని చూశాడు. దాని మీదే సంతకం పెట్టాడు.

త్రివేణి కాగితాన్ని కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"సూసిన్రా సార్, ఏం కాలే."