గోడకి అతుక్కున్నవి

“ఎవడు వీడు? ఏ మూర్ఖుడు వీడు?” ప్రొఫెసర్ చేతిలో కాగితాల్ని నేలకేసి కొట్టాడు.

ఎదురుగా నిలబడ్డ పరిశోధక విద్యార్థిని వంగి, వాటిని ఏరింది.

బాక్టీరియా చుట్టూ ఒక గోడ ఉంటుంది. కొన్ని ప్రొటీన్లకి ఆ గోడని పట్టుకుని వేలాడే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అలాంటి ముక్కల ఆకారాలు చూసి, ఏది ఏ కుటుంబానిదో తేల్చే పేపరొకటి ఆయన ఒక సైన్సు పత్రికకి పంపాడు. పంపాడు, అంతే. నాలుగేళ్లు కూర్చుని, పదకొండు వందల ముక్కల్ని కొలిచి, తొమ్మిది కుటుంబాలుగా విడదీసింది ఈ అమ్మాయి.

మరి పేపర్లో మొదటి పేరెవరిది? ప్రొఫెసర్‌గారిది. రెండోది? ఆయన బావమరిదిది. బావమరిది పళ్ల డాక్టరు. బాక్టీరియాతో ఆయన చుట్టరికం పుచ్చుపళ్ల దాకానే. అమ్మాయి పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో, ఏసీ బాగుచేసిన మనిషి పక్కన ఉంది. రచయితల్లో పేరు లేకపోతే ఆమెకి డిగ్రీ రాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిస్తే చాలదు, సిగ్గు కూడా ఉండాలిగా!

పైగా మహానుభావుడు ఏడో కుటుంబాన్నీ ఎనిమిదో కుటుంబాన్నీ కలిపేశాడు. ఎందుకయ్యా అంటే, పట్టిక ఒక్క పేజీలో పట్టలేదట!

పత్రికవాళ్లు ఆ పేపర్ని ముగ్గురు పరిశీలకులకి పంపారు. వాళ్ల పేర్లు చెప్పరు, అభిప్రాయాలు మాత్రం అందజేస్తారు. మొదటివాడు ఆకాశానికెత్తేశాడు. అది చదివి ప్రొఫెసర్ “భేష్ అమ్మాయ్!” అన్నాడు కూడా. రెండోవాడు ఫర్వాలేదన్నాడు. మూడోవాడు ఉతికి ఆరేశాడు. ఇందాక నేలకేసి కొట్టిన కాగితాలు అవే.

“గోడకి అతుక్కున్నంత మాత్రాన బల్లీ, పోస్టరూ ఒకే జాతి అయిపోవు. ఏడునీ ఎనిమిదినీ ఏ కొలత చూసి కలిపారు? అసలు కొలిచిందెవరు? ఏ రచయిత ఏం పని చేశాడో రాయండి. రాయలేకపోతే పేపర్ని చెత్తబుట్టలో వెయ్యండి.”

వీటికి జవాబు వస్తేనే అచ్చు అని సంపాదకుడు తేల్చేశాడు.

“ఇంతకీ ఆ కొలతలెక్కడున్నాయి?” ప్రొఫెసర్ గొంతు తగ్గింది.

“నా దగ్గరే ఉన్నాయి సర్. ఎవరు తీశారని రాద్దాం?”

“సరేలే, మూడో పేరు నీది పెడతాను.”

“మరి మీ బావమరిదిగారు ఏం చేశారని రాద్దాం సర్?”

ఆయన కలం తీశాడు. బావమరిది పేరు పుచ్చుపన్నులా ఊడొచ్చింది.

“మీరేం చేశారని రాద్దాం సర్?”

సాయంత్రానికల్లా మొదటి పేరు ఆమెదైంది, ఆయనది వెనక్కి జరిగింది. ఏడూ ఎనిమిదీ మళ్లీ వేరు కాపురాలు పెట్టాయి.

“ఆ మూడోవాడు ఎప్పుడైనా నా కంటబడాలి, చెప్తా వాడి పని!” పళ్లు నూరాడు ప్రొఫెసర్.

“పోనీలెండి సర్,” అంది ఆమె.

ఆ మూడోవాడు లోకంలోనే లేడు. పరిశీలకులుగా ఎవరైతే బాగుంటుందని పత్రికవాళ్లు అడిగినప్పుడు, లేని పండితుణ్ణి ఒకణ్ణి పుట్టించి, వాడి ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆమె చేతిలో పెట్టి, “వాడి పేరుతో మన పేపర్ని నువ్వే నాలుగు ముక్కలు పొగిడెయ్ అమ్మాయ్” అన్నది సాక్షాత్తూ ప్రొఫెసరే.