పదహారో కాగితం

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. పాప ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆకలేసి పొయ్యి ముట్టిస్తుందేమోనని. ఆరేళ్లది. అగ్గిపుల్ల గీయడం ఈమధ్యే నేర్చింది.

ఆఫీసు వెనక సందులో చివరి ఇల్లు మాది, నీలం తలుపు. వాళ్ల నాన్న లారీ మీద వెళితే వారానికి గాని రాడు. బడి లేని రోజు దాన్ని లోపల ఉంచి, బయట తాళం వేసి పనికి వస్తాను.

అరిచి అరిచి గొంతు పోయింది కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదవండి. ఏడో తరగతిలోనే బడి మానేసినదాన్ని.

ఈ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని నాది. పారేసినవన్నీ తెచ్చి మూడో అంతస్తు చివరి గదిలో పడేస్తాం. సోమవారం బండి వచ్చి పట్టుకుపోతుంది. ఒకవైపే అచ్చయిన కాగితాలు, ఇంకా రాసే పెన్నులు, అట్టలు నలగని ఫైళ్లు. చూస్తే ప్రాణం ఉసూరుమనేది. రోజూ కొన్ని కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. పాప తెల్లవైపు బొమ్మలు వేసుకునేది.

"వాళ్లని అడిగే తెచ్చావా అమ్మా?" అంది ఒకసారి.

"ఊఁ" అన్నాను. ఆ ఊఁ ఇంకా ముల్లులా గుచ్చుతోంది.

నాతో పనిచేసే పెద్దక్క నవ్వేది. "చెత్తలో పడ్డాక అది ఎవరిదే పిచ్చిమొహమా? ఎలకలది. నువ్వు ఎలకల సొమ్ము తింటున్నావు!"

ఈ నెలలో కొత్త గార్డు వచ్చాడు. మా ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టిస్తున్నాడు. ఈరోజు శనివారం, పాపకు బడి లేదు, నాకు ఒంటిపూట పని. దిగబోతుంటే పెద్దక్క ఎదురొచ్చింది.

"సంచులు వెతుకుతున్నాడే. చెత్త పట్టుకెళ్లినా దొంగతనమేనట. పనిలోంచి తీసేస్తాడట. ఏమన్నా ఉంటే పడేసి రా."

నా సంచిలో పదహారు కాగితాలు, ఒక ఎర్ర పెన్ను. చివరి గదికి పరుగెత్తాను. తీసిన చోటే పెట్టేస్తే దొంగనెలా అవుతాను? కాగితాలు బయటికి తీస్తుంటే వరండాలో బూట్ల చప్పుడు. అట్టపెట్టెల వెనక నక్కాను.

గార్డు గుమ్మంలో ఆగాడు. "లోపల ఎవరన్నా ఉన్నారా?"

"నేనే అన్నా" అంటే సరిపోయేది. కాగితాలు చేతిలోనే ఉన్నాయి. పెట్టెల వెనక ఇంకా ఒదిగిపోయాను.

"అక్కా, అందరూ దిగిపోయారా?" అని మెట్లవైపు కేకేశాడు.

"పోయారు బాబూ, నేనే ఆఖరు!" అంది పెద్దక్క. నేను వెనక మెట్ల మీదుగా జారుకున్నాననుకుని, నన్ను కాపాడటానికే అంది, పాపం.

తలుపు మూసుకుంది, బయట తాళం పడింది, బూట్ల చప్పుడు దూరమైంది. హమ్మయ్య అనుకున్నాను.

కాగితాలు తీసిన చోటే పెట్టేశాను. పదిహేను ఉంటాయి, చూసుకోండి. పదహారోది మీ చేతిలో ఉంది. ఎర్ర సిరా కూడా కాస్త వాడాను, తప్పయితే క్షమించండి.

ఈ కాగితంతో పాటు మా ఇంటి తాళంచెవిని కూడా తలుపు కిందనుంచి బయటికి తోస్తున్నాను. ఈ గది తాళం తర్వాత తీద్దురుగాని, ముందు వెళ్లి పాపను చూడండి.