ఆపమన్న చప్పుడు

"మళ్లీ ఎందుకు ఆపావురా?"

యార్డు మేస్త్రీ కేబిన్ తలుపు లాగి మరీ అడిగాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు తల వంచుకున్నాడు. హెవీ టెస్టు పాసై ఇరవై రోజులైంది కానీ లైసెన్సు కార్డు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా గేటు దాటడానికి లేదు. యార్డులోనే లారీలను వెనక్కి నడిపి ప్లాట్‌ఫారానికి ఆనించడం అతని పని. హమాలీలు ముద్దుగా సగం డ్రైవరని పిలుస్తున్నారు.

"వెనక బాడీ మీద కొట్టారు మేస్త్రీ. ఒక్క దెబ్బ."

రెండు దెబ్బలంటే రమ్మని, ఒక్కటంటే ఆగమని. ఇంజను మోతలో అరిచి గీపెట్టినా వినపడదు గనక లారీ వెనక నిలబడే క్లీనర్లందరిదీ అదే భాష. కానీ ఈ యార్డులో ఇప్పుడు క్లీనరు లేడు. ఉన్న ఒక్కడూ పోయిన ఏడాది లారీకీ ప్లాట్‌ఫారానికీ మధ్య నలిగి చచ్చిపోయాడు. అప్పటి నుంచి వెనక ఎవరూ నిలబడకూడదనీ, డ్రైవరు అద్దాలు చూసుకునే రావాలనీ యజమాని గట్టిగా చెప్పాడు.

"కొట్టడానికి వెనక ఎవరున్నార్రా?"

"అదే కదా నా భయం."

మేస్త్రీ అతన్ని కిందికి దించి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ వేలాడుతున్న గొలుసును పట్టుకుని ఊపాడు. అది బాడీకి తగిలి ఠంగుమంది.

"ఇదీ నీ దెయ్యం. దీనికి జడుసుకుని నాలుగు రోజులుగా గజం దూరంలోనే ఆపేస్తున్నావు. మధ్యలో చెక్క వేసుకుని బస్తాలు మోయలేక హమాలీలు నన్ను దుమ్మెత్తిపోస్తున్నారు."

"గొలుసు చప్పుడు నాకు తెలుసు మేస్త్రీ. నాకు వినపడేది అరచెయ్యి."

మేస్త్రీ నిట్టూర్చాడు. "నీ మీద నాకు కోపం లేదురా. యజమాని ఊరుకోడు. భోజనాలయ్యేలోగా లారీ ఆని ఉండాలి. ఇంకోసారి ఆపావంటే రేపటి నుంచి రానక్కర్లేదు. ఏ చప్పుడైనా కానీ, దేవుడు దిగొచ్చి కొట్టినా సరే, ఆపకు. తెలిసిందా?"

"తెలిసింది."

హమాలీలు అప్పటికే అన్నాలకు వెళ్లారు. మేస్త్రీ కూడా ఆఫీసు వైపు వెళ్లిపోయాడు. సగం డ్రైవరు లారీని ముందుకు తీసి, తిన్నగా చేసుకుని, రివర్సు గేరు వేశాడు. చచ్చినవాడి ముఖం కూడా అతను చూసి ఎరగడు. అయినా కళ్లు మూస్తే చాలు, ఓ చెయ్యి కనపడుతోంది. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏమని చెప్పాలి? డ్రైవరు భార్యనని అతని భార్య అప్పుడే వీధంతా చెప్పుకుంది.

రెండు అద్దాల్లోనూ దారి ఖాళీగానే ఉంది. ప్లాట్‌ఫారం మెల్లగా దగ్గరవుతోంది.

వెనక నుంచి ఒక్క దెబ్బ.

కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాడు. గొలుసు, గొలుసు, అనుకున్నాడు. మళ్లీ ఒక దెబ్బ. ఆ తర్వాత లెక్కలేదు. రెండు చేతులా బాదుతున్నట్టు ఒకటే చప్పుడు.

"అన్నా, నీకు నేనేం ద్రోహం చేశాను? నన్ను వదిలెయ్యి," అని చచ్చినవాడిని బతిమాలుకున్నాడు.

కానీ ఆపలేదు. లారీ వెళ్లి మెత్తగా ఆనింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఇంజను ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. నాలుగు రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. తనలో తనే నవ్వుకున్నాడు. భయం కూడా కుక్కలాంటిదే, పరిగెత్తితే వెంటపడుతుంది, నిలబడితే తోక ముడుస్తుంది అనుకున్నాడు.

ఆఫీసు గుమాస్తా అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ కేబిన్ దగ్గరికి వచ్చాడు.

"భలే ఆనించావే. ఇక నిన్ను సగం డ్రైవరని ఎవడూ అనలేడు. నీ లైసెన్సు వచ్చేసింది."

"నిజంగానా? ఏదీ, ఇటివ్వు."

"నా దగ్గరెక్కడిది? నీకు తన చేత్తోనే ఇస్తానని మేస్త్రీ కవరు లాక్కుని, దగ్గరి దారని నీ లారీ వెనక, ఆ ప్లాట్‌ఫారం ముందు సందులోంచే పరిగెత్తుకొచ్చాడుగా. ఇంకా నీ దగ్గరికి రాలేదా?"