ఇంకా నలభై నిమిషాలు

ఎస్తోనియాలోని టార్టులో చదువుకునే విదేశీ విద్యార్థులందరికీ చేతికి మాటల సమయం లెక్కగట్టే పట్టీ ఉంటుంది. వారానికి ఐదు గంటలైనా స్థానికులతో మాట్లాడినట్టు అది చూపించకపోతే వీసా రద్దవుతుంది. పార్వతీపురం నుంచి వచ్చిన ఇందుమతికి అసలే బిడియం. ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి వారం లెక్క ముగుస్తుందనగా, ఐదయ్యేసరికి ఆమె లెక్కలో ఇంకా నలభై నిమిషాలు తక్కువున్నాయి.

ఎవరిని పలకరించాలో తోచక, కింద బట్టలుతికే గదిలో ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది. పై అంతస్తులో ఉండే ముసలావిడ హెల్యు బట్టల బుట్టతో వచ్చి, ఆ పట్టీ చూసి ఆగింది.

"నీకెంత తగ్గిందమ్మా?"

"నలభై నిమిషాలండీ," అంది ఇందుమతి వచ్చీరాని ఎస్తోనియన్‌లో.

హెల్యు చేతికీ పట్టీ ఉంది. "ఒంటరి ముసలివాళ్లకూ వేస్తున్నారు. ఈ వారం కూడా ఎవరితోనూ మాట్లాడలేదని తేలితే రేపే నన్ను వృద్ధాశ్రమానికి తీసుకుపోతారు. పొద్దుట్నుంచీ నీ తలుపు కొడదామనే అనుకుంటున్నాను. సిగ్గేసింది."

ఇందుమతి పక్కకు జరిగి చోటిచ్చింది. హెల్యు తన తేనెటీగల గురించి చెప్పింది. ఇందుమతి, చిన్నప్పుడు రైలు పట్టాల మీద ఇరుక్కున్న మేకపిల్ల కోసం పరిగెత్తిన సంగతి మొదలెట్టింది. మధ్యలో, లెక్క పూర్తయినట్టు పట్టీలు రెండూ పచ్చగా వెలిగాయి.

"అమ్మయ్య!" అని ఇందుమతి కళ్లు తుడుచుకుని లేవబోయింది.

హెల్యు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వెళ్దువుగానీ, మేకపిల్ల బతికిందా లేదా?"