పేరు చెప్పి ఇచ్చే రొట్టె

మలుపు తిరగ్గానే వ్యాను వెనక ఏదో దడాలున సీటుకి కొట్టుకుంది.

"ఏమిటండీ అది?" ఉలిక్కిపడింది వెనక సీట్లో టూరిస్టు ఆవిడ.

"శిలువ. మా నాన్నది. ఆయన పేరు ఆంగెల్ ద్రగోమిర్," అన్నాడు వ్యాను నడుపుతున్న పాండెలే, అద్దంలోకి చూడకుండానే.

"అయ్యో. ఎప్పుడు పోయారు?"

"మీరు ఇందాకట్నించీ ఎంత బాగుందో అంటున్న ఈ రోడ్డు వేసేటప్పుడు."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

ఇంకా అడిగితే పాండెలే చాలా చెప్పేవాడు. సైన్యంలోకి పట్టుకుపోయిన కుర్రాళ్ళ చేత కొండ పేల్పించారు. తండ్రి తిరిగిరాలేదు, సీలు వేసిన శవపెట్టె వచ్చింది. ఏ మలుపులో పోయాడని తల్లి అడిగితే "పనిలో ప్రమాదం" అన్నారు. ఏ ఆఫీసుకి పోయినా ఇంకో ఆఫీసు చూపించారు. మంచాన పడ్డ తల్లి ఓక్ చెక్కతో శిలువ చేయించింది. "మీ నాన్న పడిన చోట పాతిరా. అక్కడ శిలువ లేకపోతే దారి తెలీక తిరుగుతూనే ఉంటాడు" అంది. అప్పట్నించీ ఆ శిలువ గోనె కప్పుకుని వ్యాన్లోనే తిరుగుతోంది. ప్రతి మలుపులోనూ పాండెలే "ఇదా?" అనుకుంటాడు.

అంతలో చటుక్కున బ్రేకు తొక్కాడు.

లోయ అంచున మోకాలెత్తు రాతిగోడ మీద గుండ్రటి రొట్టె పెట్టి ఉంది. పక్కనే సంచీ పట్టుకుని ఒక ముసలాయన.

పాండెలేకి ఒళ్ళు మండిపోయింది. పోయిన వేసవిలో ఇలాగే ఎవడో మహానుభావుడు ఎలుగుబంటికి బిస్కెట్లు పెట్టి, ఫొటో తీసుకుని చక్కా పోయాడు. కాస్త అవతల టైరు మార్చుకుంటున్న పాండెలే చెయ్యి చీరేసింది అది. గేరు మార్చిన ప్రతిసారీ ఆ చెయ్యి ఇంకా సలుపుతుంది.

దిగి తలుపు విసిరికొట్టాడు.

"ఏం తాతా, ఎలుగులకి విందా?"

"కాదు నాయనా, ఇది..."

"కనపడుతోందిలే! నువ్వు పెట్టి పోతావు. రేపు అది ఇంకొకడి పీక పట్టుకుంటుంది. నీకేం, ఇంటికి పోయి కాళ్ళు చాపుకుంటావు."

"ఒక్క మాట విను. ఇదిగో, నువ్వూ ఒకటి పుచ్చుకో." ముసలాయన సంచీలోంచి ఇంకో రొట్టె తీసి రెండు చేతులా చాపాడు. "ఆత్మశాంతికి. మా..."

"నోర్ముయ్!"

పాండెలే గోడ మీది రొట్టెని ఒక్క తన్ను తన్నాడు. అది లోయలోకి పోయింది. దానికి గుచ్చిన సన్నటి మైనంవత్తి మాత్రం ఊడి రోడ్డు మీద పడింది. గాలికి ఎప్పుడో ఆరిపోయినట్టుంది.

అప్పుడు అర్థమైంది, అది ఎలుగుల తిండి కాదని. చనిపోయినవాళ్ళ పేరు చెప్పి ఇచ్చే రొట్టె. ఇస్తే పుచ్చుకోవాలి, పేరు వినాలి, "దేవుడు మన్నించుగాక" అనాలి. శత్రువు ఇచ్చినా కాదనకూడదు.

కానీ తన్నేశాడు. తప్పు తనదని తెలిసేసరికి కోపం రెండింతలైంది.

"చచ్చినవాళ్ళకి పెట్టుకోడానికి చర్చి లేదూ? శ్మశానం లేదూ? వాసన తగిలితే ఎలుగు అది ఎవరి రొట్టో అడుగుతుందా? ఫో ఇక్కణ్ణించి!"

ముసలాయన వంగి మైనంవత్తి తీసుకున్నాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. పాండెలే చెయ్యి అందించలేదు.

"నువ్వన్నదీ నిజమేలే బాబూ," అన్నాడు ముసలాయన. పైకి పోతున్న కట్టెల లారీని ఆపి, ఎక్కి, కొండ అవతలికి వెళ్ళిపోయాడు.

పాండెలే కిందికి దిగి, కోట దగ్గర టూరిస్టుల్ని దింపాడు. కోట కథ నిద్రలో లేపినా చెప్పగలడు. ఈస్టరు పండగ బట్టల్లో ఉన్న దొరల్ని రాజు కొండకి తోలి, ఆ బట్టలు పీలికలయ్యేదాకా కోటకి రాళ్ళు మోయించాడట. అందరూ అయ్యో అంటారు. ఎప్పటి దొరలో! వాళ్ళ కోసం అయ్యో అనడానికి కోట ఉంది. తన తండ్రికి కనీసం ఒక మలుపైనా లేదు.

టిక్కెట్ల గదిలో, ఈ వేసవికే పనిలో చేరిన వియోరిక రొట్టె తుంచుకు తింటోంది.

"ఏంటన్నా, మొహం అలా ఉంది? పచ్చి ప్లమ్ము కొరికావా?"

"పైన ఒక ముసలి గాడిద తగిలాడు. గోడ మీద రొట్టెలు పెడుతున్నాడు."

"సంచీ పట్టుకుని, కుంటుతూ? ఇదీ ఆయనిచ్చిందే. పొద్దున పైకి పోతూ ఇచ్చాడు. పాపం, ప్రతి ఏడూ వస్తాడట. స్నేహితుడు పోయిన మలుపులో మైనంవత్తి వెలిగించి, దారిన పోయేవాళ్ళకి రొట్టెలు పంచుతాడట. మోకాళ్ళు పోయాయి, ఇదే ఆఖరుసారి అన్నాడు."

పాండెలే గది కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"ఎలా పోయాడట ఆ స్నేహితుడు?"

"రోడ్డు పనిలో. పేలని మందుగుండు చూసి రమ్మని ఈయన్ని పంపితే, ఈయనకి జ్వరమని బదులుగా అతను వెళ్ళాడట. అతనికి కొడుకు పుట్టాడని కబురందిన మర్నాడేనట."

"పేరు?" చువ్వల మీదికి వంగాడు. మళ్ళీ అడిగాడు. "పేరేం చెప్పాడు?"

వియోరిక మిగిలిన సగం రొట్టె అతని చేతిలో పెట్టింది.

"నువ్వూ పుచ్చుకో అన్నా. 'మా ఆంగెల్ ద్రగోమిర్ పేరున' అన్నాడు."